అడ్డుగోడ నోటీసు

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటున్నాను. తర్వాత ఎవరో నిలదీస్తే తల గోక్కుంటూ నిలబడటం కంటే ఇదే నయం.

మా వీధి మలుపులో జిరాక్స్ షాపు నాది. బడిలో నేర్చుకున్నది తక్కువ, జనం మెషీన్ గాజు మీద మర్చిపోయిన కాగితాలు చదివి నేర్చుకున్నది ఎక్కువ. అద్దె పత్రాలు, సెలవు చీటీలు, విడాకుల కాగితాలు, ఇవే నా పాఠ్యపుస్తకాలు. అందుకని వీధిలో ఎవరికి ఏ ఉత్తరం కావాలన్నా నా దగ్గరికే వస్తారు. నేనూ వాళ్ళని కాస్త ఆడిస్తుంటాను. ఒకాయన కడుపునొప్పికి మూడు రోజుల సెలవు చీటీ రాయమంటే "గర్భసంబంధమైన బాధ" అని రాసిచ్చాను. ఆయనకి ఆరు నెలలు ఇవ్వాలా వద్దా అని ఆఫీసులో మీటింగు పెట్టుకున్నారట.

అలాంటి నా దగ్గరికి, పిల్లల్ని చూసుకునే ఆయా జోజో వచ్చి, "ఒరేయ్, పని మానేస్తున్నా, నోటీసు రాసిపెట్టు" అంది.

పని మానేసేవాళ్ళు ఇచ్చేదీ నోటీసే, వకీలు పంపేదీ నోటీసే. ఆవిడ అడిగింది మొదటిది. నాకు తెలిసింది రెండోది. ఆ రోజు మెషీన్ మీద ఎవరో గోడ తగాదా తాలూకు వకీలు నోటీసు మర్చిపోయి వెళ్ళారు. "సదరు అడ్డుగోడ వలన పడుచున్న ఇబ్బందులు చెప్పనలవి కానివి. ముప్పై దినములలోగా తొలగించవలెను. లేనియెడల విషయమంతయు కోర్టువారికి తెలియజేయబడును." చదువుతుంటేనే ఒళ్ళు పులకరించింది.

ఆవిడ చెప్పినవి రెండే ముక్కలు. నెల తర్వాత వెళ్ళిపోతాను, పిల్లాడికి నేనే చెప్పి వెళ్తాను. నేను "తొలగించవలెను" తీసేసి "నన్ను పంపివేయవలెను" అని పెట్టాను. "కోర్టువారికి" తీసేసి "బాలునికి" అని పెట్టాను. అడ్డుగోడని తీసేయడం మర్చిపోయాను. మర్చిపోయానో, నవ్వొచ్చి వదిలేశానో ఇప్పుడు ఒట్టు పెట్టి చెప్పలేను. వార్తలు చదివే గొంతుతో గబగబా చదివి వినిపించాను. ఆవిడ కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది. "మాట బరువుగా ఉందిరా" అని మురిసిపోయి సంతకం పెట్టింది.

ఇక నేను పక్కకి తప్పుకుంటాను. ఇది ఆవిడ కథ.

జోజోకి అసలు పేరు ఒకటుంది. అది గుర్తింపు కార్డులో తప్ప ఎవరి నోటా లేదు. జోకొట్టి నిద్రపుచ్చుతుంది కాబట్టి ఏ ఇంట్లోనో ఏ పిల్లో జోజో అంది, అదే అతుక్కుపోయింది. యాభై రెండేళ్ళ మనిషి. ఇరవై రెండేళ్ళుగా పిల్లల్ని పెంచడమే పని. ఆరు ఇళ్ళు, తొమ్మిదిమంది పిల్లలు. ఒక్కరూ ఆవిడ పిల్లలు కారు. పాల వేడి మణికట్టు మీద చుక్కేసి చూస్తుంది. పిల్ల ఏడుపు విని ఆకలో, నిద్రో, వేషాలో గోడ అవతల నుంచే చెప్పేస్తుంది.

ఆయాల పనిలో ఎవరూ కాగితం మీద రాయని పద్ధతి ఒకటుంది. పని మానేసే రోజున పిల్లని నిద్రపుచ్చి వెళ్ళిపోవాలి. "వాడు పడుకున్నాక మెల్లగా జారుకో, ఏడిస్తే మేం చూడలేం" అంటారు ఇంటివాళ్ళు. జోజో అయిదు ఇళ్ళల్లో అలాగే చేసింది. జోకొట్టి, చెయ్యి మెల్లగా విడిపించుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వట్టికాళ్ళతో గుమ్మం దాటింది. తలుపు కిర్రుమనకుండా వేయడంలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి.

మూడో ఇంటి పాప సంగతి అయిదో ఇల్లు కూడా వదిలేశాక గానీ తెలియలేదు. ఆ ఇంటి వంటమనిషి బజార్లో కనబడి చెప్పింది. నువ్వు వెళ్ళిపోయాక ఆ పిల్ల పడుకోవడం మానేసింది. రెండు వేళ్ళతో కనురెప్పలు పైకి పట్టుకుని కూర్చునేది. ఎందుకే అంటే, "నిద్రపోతే ఎవరో ఒకరు వెళ్ళిపోతారు" అనేది. ఆ మాట విన్న రోజు జోజో చేతిలో సంచి అలాగే పట్టుకుని ఇంటికి వచ్చింది. ఏమీ కొనలేదు. అప్పుడే అనుకుంది. ఈసారి ఏ పిల్లని వదిలి వెళ్ళినా మెలకువగా ఉన్నప్పుడు, కళ్ళల్లోకి చూసి చెప్పి వెళ్తాను. అంతకంటే ఇంకేం కోరుకోలేదు.

ఇప్పుడున్నది ఆరో ఇల్లు. అయిదో అంతస్తు. మేడమ్, సార్, సార్ వాళ్ళమ్మ, మూడున్నరేళ్ళ బుడ్డోడు. వాణ్ణి నలభై రోజుల గుడ్డుగా ఉన్నప్పుడు చేతుల్లోకి తీసుకుంది. ఇప్పుడు వాడి నోటికి మూత లేదు. లిఫ్ట్‌లో ఎవరెక్కినా ఇంట్లో సంగతులన్నీ చెప్పేస్తాడు. "మా నాన్న బాత్రూమ్‌లో ఏడుస్తున్నట్టు పాడతాడు." "మా నానమ్మ పళ్ళు గ్లాసులో పడుకుంటాయి." ఆ భవనంలో వాడికి అయిదో అంతస్తు రేడియో అని పేరు. వాడికి ఒక మాట చెప్పడమంటే భవనమంతా చాటింపు వేసినట్టే.

ఆ ఇంట్లో సోఫా ఉంది, భోజనాల బల్ల చుట్టూ మెత్తటి కుర్చీలు ఆరున్నాయి. జోజోకి మాత్రం వంటింట్లో ఒక ప్లాస్టిక్ పీట, స్నానాల గదుల్లో వేసుకునే రకం. దాని మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డాన్ని తాకుతాయి, లేవాలంటే వాషింగ్ మెషీన్ పట్టుకోవాలి. ఊరి చివర బట్టల ఫ్యాక్టరీలో పనివాళ్ళ పిల్లల్ని చూసుకునే గది ఉంది. అక్కడ ఆయా కావాలన్నారు. ఎనిమిది గంటల పని. "కూర్చోడానికి కుర్చీ ఇస్తారట" అని నాకు చెప్పినప్పుడు, ఆవిడ మొహం చూస్తే సింహాసనం ఇస్తారేమో అనిపించింది.

సోమవారం పొద్దున భోజనాల బల్ల మీద పండ్లగిన్నె కింద నోటీసు పెట్టి పాలు కాచడానికి వెళ్ళింది. వంటింట్లోంచి తొంగి చూసింది. మేడమ్ చదివింది. చదివి మళ్ళీ చదివింది. సార్‌కి ఇచ్చింది. సార్ చదివి వాళ్ళమ్మకి ఇచ్చాడు. ఆవిడ భూతద్దం పెట్టుకుని చదివింది. కాసేపటికి మేడమే స్వయంగా వంటింట్లోకి వచ్చి టీ కలిపి ఇచ్చింది. కప్పూ సాసర్‌తో. మూడున్నరేళ్ళలో జోజోకి ఆ ఇంట్లో సాసర్ ఇవ్వడం అదే మొదలు. ఆవిడకి భయం వేసింది.

ఆ మధ్యాహ్నం బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే మేడమ్ వెనకే వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

"ఏంటి మేడమ్?"

"నటించకు జోజో. శనివారం సంగతి."

శనివారం బుడ్డోడికి గోళ్ళు తీసే రోజు. అదేమో అనుకుంది జోజో. "శనివారం సంగతి నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది మేడమ్?" అంది.

మేడమ్ బాల్కనీ గోడకి ఆనుకుంది. "నేను ఎక్కడికీ పోను. ఆఫీసుందని చెప్పి కిందకి దిగి పార్కింగ్‌లో కార్లో కూర్చుంటాను. సీటు వెనక్కి వాల్చుకుని. రెండు గంటలు. ఫోన్ కూడా చూడను. ఎవరూ 'అమ్మా' అని పిలవకుండా రెండంటే రెండు గంటలు. అది తప్పా?"

జోజో చేతిలో బుడ్డోడి లాగు నీళ్ళు కారుతూ ఉండిపోయింది. నిజంగానే జాలేసింది. "తప్పేం కాదు మేడమ్. ఎవరికైనా అనిపిస్తుంది."

"మరి వాడికెందుకు చెప్తానంటున్నావ్?"

జోజోకి ఆ ఒక్క ముక్కే అర్థమైంది, అదీ తప్పుగా. "వాడికి చెప్పి తీరాలి మేడమ్. అది మాత్రం కాదనకండి. మెలకువగా ఉన్నప్పుడు కూర్చోబెట్టి చెప్తాను. ఒక్కరోజు ఏడుస్తాడు, అంతే. తర్వాత హాయిగా ఉంటాడు."

మేడమ్ బాల్కనీ తలుపు తెరిచింది. "నువ్వు మనిషివేనా?" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు చెత్త సంచి పట్టుకుని లిఫ్ట్ ఎక్కితే సార్ కూడా ఎక్కాడు. మూడో అంతస్తు దాటగానే, గోడతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు.

"రివర్స్ చేస్తుంటే అద్దంలో కనబళ్ళేదు జోజో. చిన్న వస్తువు కదా. చప్పుడయ్యాకే తెలిసింది."

"ఏంటి సార్?"

"అదే... వాడి సైకిల్. చక్రం వంకరపోయింది. వాడు చూస్తే ఇల్లు పీకి పందిరేస్తాడని డిక్కీలో వేసి ఎక్కడో పడేసొచ్చా. నువ్వు పార్కులో మర్చిపోతే ఎవరో ఎత్తుకుపోయారని చెప్పా. నువ్వేం అనుకోవులే అనుకున్నా."

మూడు చక్రాల ఎర్ర సైకిల్. ఆర్నెల్ల కిందటి మాట. దాని కోసం జోజో మూడు రోజులు పార్కులో పొదలన్నీ వెతికింది. ముళ్ళు గీసుకుని చేతులు వాచాయి. వాచ్‌మన్‌తో గొడవ పెట్టుకుంది. తనే ఎక్కడో వదిలేసి మర్చిపోయిందని నమ్మేసింది కూడా. పెద్దావిడ "పోగొట్టిందో, పంచిపెట్టిందో" అని వినబడేలా అంది. బుడ్డోడికి కోపం వచ్చినప్పుడల్లా ఈనాటికీ అదే మాట, "నా సైకిల్ పోగొట్టావ్, నువ్వు చెడ్డ జోజో."

లిఫ్ట్ కిందకి దిగింది. తలుపు తెరుచుకుంది. జోజో కాలు కదల్లేదు.

"కొత్తది కొంటాలే," అన్నాడు సార్. "వాడికి మాత్రం చెప్పకు. నన్ను చూసి నవ్వేవాడు వాడొక్కడే ఇంట్లో."

"నేను వాడికి చెప్పాల్సింది వేరే ఉంది సార్," అంది ఎలాగో.

"ఇంకా వేరే కూడా ఉందా?" అని సార్ పాలిపోయాడు. తలుపు మూసుకుని లిఫ్ట్ మళ్ళీ పైకి పోయింది. చెత్త సంచితో సహా ఇద్దరూ అయిదో అంతస్తుకే వచ్చిపడ్డారు.

పెద్దావిడ ఒక పట్టాన తేలే రకం కాదు. సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి చేతికర్ర నేల మీద కొట్టింది.

"అడ్డుగోడంటే నేనేగా?"

"గోడేంటి అమ్మగారూ?"

"అబ్బబ్బ, ఏం తెలియనట్టు! రాసేటప్పుడు తెలిసిందిగా? సదరు అడ్డుగోడట. ఈ ఇంట్లో సదరు ఎవరో నాకు తెలీదా? కోడలే నన్ను అడ్డుగోడ అనలేదు ఇన్నాళ్ళూ, మొహాన."

"అమ్మగారూ, నేను..."

"రెండు మూతలే పోస్తాను. దగ్గు మందే అది. విషం కాదుగా? ఆదివారం నువ్వు రావు. వీళ్ళిద్దరూ పన్నెండింటిదాకా పడుకుంటారు. వాణ్ణి తెచ్చి నా మీద పడేస్తారు. ఈ కాళ్ళతో వాడి వెనక పరిగెత్తనా? రెండు మూతలు పోస్తే సాయంత్రందాకా కదలకుండా పడుంటాడు."

జోజో చేతిలోని గరిటె పొయ్యి మీద పెట్టేసింది. సోమవారాలు గుర్తొచ్చాయి. సోమవారం పొద్దున బుడ్డోడి కళ్ళు బరువుగా ఉండటం, పాలు తాగుతూనే తూలడం. ఆదివారం బాగా ఆడి ఉంటాడులే అని సంబరపడిన సోమవారాలు.

"ఆ సీసా ఎక్కడుంది అమ్మగారూ?"

"ఎందుకు?"

"ఎక్కడుంది?"

ఆ గొంతు ఆ ఇంట్లో ఎవరూ అంతవరకూ వినలేదు. పెద్దావిడ తడబడి దిండు కింద నుంచి సీసా తెచ్చిచ్చింది. జోజో దాన్ని సింకులో బోర్లించి, చివరి చుక్కదాకా నీళ్ళు వదిలింది.

"ఇంకోసారి పోశారో..."

"పోస్తే? వాడికి చెప్తావా?"

"వాడికి కాదు, డాక్టరుకి చెప్తా."

బుధవారానికల్లా ముగ్గురి గుట్టూ ఆవిడ చేతికొచ్చింది. ఒక్కటీ అడిగింది కాదు. "ఇదేం నోటీసురా దేవుడా, ఇచ్చినప్పట్నుంచీ ఇల్లంతా వచ్చి నా చెవిలో ఊదుతోంది" అనుకుంది. తమ నోటితో తామే చెప్పుకున్నారు కదా, కనీసం మనసు తేలికపడి మెత్తబడతారేమో అనుకుంది పిచ్చిది. జరిగింది వేరు. నిన్నటిదాకా పనిమనిషిగా కనబడ్డ మనిషి, ఇప్పుడు వాళ్ళకి అద్దంలా కనబడటం మొదలైంది. రోజూ ఎదురుగా అద్దం తిరుగుతుంటే ఎవరు భరిస్తారు?

ఆ మధ్యాహ్నమే హాల్లో ముగ్గురూ కూర్చున్నారు. జోజో వంటింట్లో పాలసీసాలు కడుగుతూ వింటోంది. ఎవరి గుట్టు వాళ్ళు కడుపులో దాచుకుని, పైకి తలా ఒక కారణం చెప్పారు.

"ఈ మధ్య దాని చేతులు శుభ్రంగా ఉండట్లేదు," అంది మేడమ్.

"పార్కులో ధ్యాస ఉండట్లేదు," అన్నాడు సార్.

"మందులూ మాకులూ పారబోస్తోంది," అంది పెద్దావిడ.

కారణాలు కలవకపోయినా మాట ఒకటే అయ్యింది. నెలదాకా ఆగక్కర్లేదు, శనివారమే పంపించేయాలి. అప్పటిదాకా పిల్లాడితో ఒంటరిగా వదలకూడదు. శనివారం వాడు పడుకున్నాక వెళ్ళాలి. ఒక్క మాట కూడా మాట్లాడకుండా.

జోజో చేతిలో సీసా జారి సింకులో పడింది. పగల్లేదు. ప్లాస్టిక్.

గురువారం నుంచి బుడ్డోడికి కొత్త పాఠం మొదలైంది. "జోజోకి జలుబు. దగ్గరికెళ్తే నీకూ అంటుకుంటుంది." వాడు అన్నీ నమ్మే వయసులో ఉన్నాడు. జోజో కనబడగానే ముక్కు పట్టుకుని, దూరం నుంచి "జలుబు జోజో, జలుబు జోజో" అని గెంతేవాడు. మొదటిసారి ఆవిడ నవ్వేసింది. రెండోసారి నవ్వబోయి, వంటింట్లోకి వెళ్ళి పీట మీద కూర్చుంది. పెద్దావిడ కర్రతో ఎప్పుడూ ఇద్దరి మధ్యా ఉండేది. అప్పటికి నిజంగానే అడ్డుగోడ అయ్యింది.

సాయంత్రం సార్ వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెవిలో ఏదో చెప్పాడు. వాడు కేరింతలు కొట్టాడు. ఆ చెప్పిందేమిటో జోజోకి వినబడలేదు.

శుక్రవారం మేడమ్ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"జో కొట్టేటప్పుడు పాడతావు చూడు, అది ఇందులో పాడు."

"దేనికి మేడమ్?"

"వాడికి ఆ గొంతు లేకపోతే నిద్ర పట్టదు. నువ్వు లేకపోయినా పర్లేదు, గొంతుంటే చాలు."

ఆ మాటలో విడ్డూరమేదీ మేడమ్‌కి కనబళ్ళేదు. జోజో పాడింది. పక్కన పిల్లాడు లేకుండా, చెవి తమ్మె నిమరకుండా, స్టవ్ వంక చూస్తూ పాడింది. సగంలో మేడమ్ ఆపింది.

"ఇంకోసారి. పక్కింటి మిక్సీ చప్పుడు పడింది."

మళ్ళీ పాడింది.

"చివర్లో ముక్కు ఎగపీల్చావు. అది రాకుండా పాడు."

మూడోసారి బాగా వచ్చింది. మేడమ్ విని చూసుకుని తల ఊపింది.

"గొంతు మీ దగ్గరే పెట్టుకోండి మేడమ్. ఒక్క నిమిషం వాడితో మాట్లాడనివ్వండి చాలు."

"ఏం మాట్లాడాలో నాకు చెప్పు, నేను చెప్తా."

"వెళ్తున్నానని."

"అంతేనా?"

"ఇంకేముంటుంది మేడమ్?"

మేడమ్ ఆవిడ మొహంలోకి చూసింది. ఒక్క క్షణం నమ్మినట్టే కనిపించింది. భుజాలు కొంచెం కిందకి దిగాయి. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ బిగుసుకుంది.

"'విషయమంతయు' అని రాశావుగా?"

"విషయం అదే మేడమ్."

"నువ్వు నేననుకున్నదాని కంటే చాలా తెలివైనదానివి జోజో," అని ఫోన్ తీసుకుని వెళ్ళిపోయింది.

శనివారం మేడమ్ కార్లో కూర్చోడానికి వెళ్ళలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి బుడ్డోణ్ణి గదిలో పడుకోబెట్టి, దిండు పక్కన ఫోన్ పెట్టింది. మూసిన తలుపు వెనక నుంచి జోజోకి తన గొంతే వినబడింది. బయట హాల్లో ఆవిడ సంచి నేల మీద బోర్లించి ఉంది. పెద్దావిడ కుర్చీలో కూర్చుని కర్రతో ఒక్కో వస్తువూ కదిపి చూస్తోంది. నాలుగు జతల బట్టలు, మోకాళ్ళ నూనె సీసా, గొడుగు, దువ్వెన. దువ్వెన కింద చిన్న నీలం సాక్స్ ఒకటి.

"ఇదేంటి?"

"బుడ్డోడిది అమ్మగారూ. పసివాడప్పటిది. రెండోది ఎప్పుడో పోయింది."

"జత లేని సాక్స్ నీకెందుకు?"

"జత లేదు కదా అనే తీసుకున్నా. మీకు పనికిరాదు కదా."

"పనికి రాకపోతే మేం పారేసుకుంటాం," అని పెద్దావిడ దాన్ని కర్ర చివరకి తగిలించి తన పక్కన వేసుకుంది.

సరిగ్గా అప్పుడే లోపల జోలపాట ఠక్కున ఆగి ఫోన్ మోగింది. ఎవరో రాంగ్ నంబర్. మేడమ్ పరిగెత్తింది కానీ, అప్పటికే తలుపు తెరుచుకుంది. బుడ్డోడు కళ్ళు నులుముకుంటూ వచ్చి హాలు మధ్యలో నిలబడ్డాడు. నేల మీద పరిచిన బట్టలు చూశాడు. జోజోని చూశాడు.

"జోజో, నీ జలుబు తగ్గిందా?"

సార్ సోఫాలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు. జోజో వాడి ముందు కూర్చోవాలనుకుంది. మోకాళ్ళు వంగవు. భోజనాల బల్ల దగ్గర కుర్చీ ఒకటి బరబరా లాక్కుని, మూడున్నరేళ్ళలో మొదటిసారి ఆ మెత్తటి దాంట్లో కూర్చుంది. "అది..." అని మేడమ్ ఏదో అనబోయి ఆగిపోయింది.

"తగ్గింది నాన్నా. ఇలా రా. నీకొకటి చెప్పాలి."

ముగ్గురూ ఊపిరి బిగబట్టారు.

"నేను వెళ్ళిపోతున్నా. రేపు రాను. ఎల్లుండి రాను. ఇంక ఈ ఇంటికి రాను. నువ్వు అల్లరి చేశావని కాదు. నాకు మోకాళ్ళు నొప్పి. కుర్చీ ఉన్న పని దొరికింది. నువ్వు పడుకున్నప్పుడు చెప్పకుండా పోకూడదని మెలకువగా ఉన్నప్పుడే చెప్తున్నా. నువ్వు నిద్రపోతే ఎవరూ పారిపోరు. భయపడకుండా పడుకో. అర్థమైందా?"



"ఇదేనా?" అంది పెద్దావిడ.

"ఇదే అమ్మగారూ. విషయమంతా."

మేడమ్ చెంపలు కందిపోయాయి. ఎవరూ అయ్యో అనలేదు. ఊరికే భయపడ్డామని తెలిశాక ఆ కోపం తమ మీదకి రాలేదు, ఎదురుగా కూర్చున్న మనిషి మీదకే మళ్ళింది. ఈ మాత్రం దానికా ఇంతచేసి అన్నీ చెప్పించుకుంది, అన్నట్టు చూశారు.

బుడ్డోడు ముక్కులో వేలు పెట్టుకుని ఆలోచించాడు.

"రేపు రావా?"

"రాను."

"ఎల్లుండి?"

"రాను నాన్నా." ఏడుస్తాడని జోజో రెండు చేతులూ ముందుకి చాపింది.

"అయితే సైకిల్ ఇవాళే వస్తుందా?"

చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"నాన్న చెప్పాడు. నువ్వు వెళ్ళిపోతే కొత్త సైకిల్ వస్తుందంట. ఇంకా వెళ్ళలేదేం?" అని వాడు కుర్చీ కాలు పట్టుకుని లాగాడు. "అది అమ్మ కుర్చీ. లే. నువ్వు నా సైకిల్ పోగొట్టావ్."

ఇరవై రెండేళ్ళలో తొమ్మిదిమంది పిల్లలు. వదిలి వెళ్ళేటప్పుడు ఒక్కరూ ఆవిడతో ఇంత మాట అనలేదు. అనడానికి ఒక్కరూ మేలుకుని లేరు మరి. జోజో బల్ల పట్టుకుని లేచి నిలబడింది. సార్ వంక చూసింది. సార్ నేల మీద గచ్చుపలకలు లెక్కపెడుతున్నాడు. ఎర్ర సైకిల్ సంగతి ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన్ని చూసి నవ్వేది ఆ ఇంట్లో కొడుకు ఒక్కడే. ఆ నవ్వు పీకేయడానికి ఒక్క వాక్యం చాలు.

"సైకిల్ ఎక్కడుందో మీ నాన్నకి బాగా తెలుసు," అంది. "రోజూ అడుగు. మర్చిపోకు. ఇప్పుడెళ్ళి పడుకో."

వాడు వెళ్ళి పడుకున్నాడు. ఫోన్‌లో పాట పెట్టకుండానే. జోజో బట్టలు మడత పెట్టుకుంటూ సందులోంచి చూసింది. కళ్ళు మూసుకునే ఉన్నాడు. వేళ్ళు కనురెప్పల మీద లేవు, నోట్లో ఉన్నాయి. కోరుకున్నది అదే. అదే దక్కింది. దక్కాక ఇంత నొప్పి పెడుతుందని ఎవరు అనుకుంటారు?

గుమ్మం దగ్గర మేడమ్ నోటీసు ఆవిడ సంచి మీదకి విసిరేసి, "ఇది కూడా తీసుకుపో" అంది. జోజో చెప్పులు చేత్తో పట్టుకోలేదు. కాళ్ళకి వేసుకుంది. లిఫ్ట్ దాకా టపటపా చప్పుడు చేసుకుంటూ నడిచింది.

ఫ్యాక్టరీవాళ్ళు మేడమ్‌కి ఫోన్ చేసి జోజో ఎలాంటి మనిషని అడిగారు. "పిల్లలకి లేనిపోనివి చెప్తుంది" అని మేడమ్ జవాబు. అక్కడి పెద్ద టీచరు జోజోని పిలిచి, ఏం చెప్పావమ్మా అని అడిగింది. "వెళ్తున్నానని చెప్పానండీ" అంది జోజో. టీచరు ఇంకేం అడక్కుండా పనిలో పెట్టుకుంది. కుర్చీ కూడా ఇచ్చారు. దాని కాలొకటి ఊగుతుంది.

వాచ్‌మన్ చెప్పిన ప్రకారం బుడ్డోడికి సైకిల్ ఇంకా రాలేదు. లిఫ్ట్‌లో ఎవరెక్కినా ఇప్పుడు రేడియోలో వార్తలు రెండే. ఒకటి, "జోజో ఇంక రాదు, మోకాళ్ళు నొప్పి, నాకు చెప్పే వెళ్ళింది." రెండోది, "నా సైకిల్ ఎక్కడుందో మా నాన్నకి తెలుసు." సార్ ఈ మధ్య మెట్ల మీదనుంచి దిగుతున్నాడట.

పదిహేను రోజులకి ఆవిడ నా షాపుకి వచ్చింది. గుర్తింపు కార్డు జిరాక్స్ కావాలంది. కార్డుతో పాటు నలిగిన నోటీసు కూడా బల్ల మీద పెట్టింది. ఈసారి కళ్ళజోడు పెట్టుకునే వచ్చింది.

"ఒరేయ్, ఈ అడ్డుగోడ ఎవర్రా?"

ఆ మర్చిపోయిన వకీలు నోటీసు సంగతీ, కోర్టుని బాలుడిగా మార్చిన సంగతీ అన్నీ కక్కేశాను. ఆవిడ మధ్యలో ఒక్కమాట అడ్డు రాకుండా విని, ఆరు రోజుల కథ మొదటినుంచీ తను చెప్పింది. విన్నాక నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పిన్నీ, అంతా నా కాగితమే చేసింది. నేను సరిగ్గా రాసి ఉంటే వాళ్ళు నిన్ను మంచిగా సాగనంపేవాళ్ళు కదా. వాళ్ళని అంత చెడ్డవాళ్ళని చేసింది నేనే."

ఆవిడ మెషీన్ లోంచి వచ్చిన కాపీ తీసుకుని, వెలుతురుకి పట్టి, కార్డుతో పక్కపక్కన పెట్టి సరిచూసుకుంది. కళ్ళజోడు పైనుంచి నా వంక చూసింది.

"నీకంత సీన్ లేదురా. నువ్వు తీసింది జిరాక్సే. ఒరిజినల్ వాళ్ళ దగ్గరే ఉంది."